పరుగెత్తే పెద్ద కుక్కకు ఎంత పెట్టాలి: లెక్క చూసా, ఆకలి చూసా?

తార్నాక, షెపర్డ్ ఇంటివారు:
మా జర్మన్ షెపర్డ్‌కు మూడేళ్లు, 35 కిలోలు. మగది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. పొద్దున్నే గంటసేపు, సాయంత్రం అరగంట తిప్పుతాం. డాగ్‌ఫుడ్ ప్యాకెట్ మీద రోజుకు 420 గ్రాములని ఉంది. అదంతా తినేసి గిన్నె నాకుతూ నిలబడుతుంది. అమ్మకు మనసాగక రెండు గరిటెల పెరుగన్నం వేస్తుంది. ఇంకా పెంచాలా?

అల్వాల్ పెద్దాయన:
నోరులేని జీవి ఆకలితో చూస్తుంటే త్రాసు తీయడం ఏమిటండీ? నలభై ఏళ్లుగా కుక్కలను పెంచుతున్నాను. అన్నం, మాంసం ఉడికించి కడుపునిండా పెట్టాను. అంతగా తిరిగే కుక్కకు కొలత అక్కరలేదు. చాలనిపిస్తే అదే వదిలేస్తుంది.

సైనిక్‌పురి, లాబ్రడార్ల ఇల్లు:
పెద్దాయన గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ‘అదే వదిలేస్తుంది’ అన్న మాటను మా పెద్ద కుక్క విషయంలో నేనూ నమ్మాను. వేసవిలో ఎండకు నడక సగమైంది, గిన్నె మాత్రం తగ్గలేదు. 31 కిలోల కుక్క 37కు చేరింది. మెట్లెక్కడానికి ఆయాసపడుతుంటే అప్పుడు కళ్లు తెరిచాను. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఒక జన్యులోపం వల్ల కడుపు నిండినట్టు సరిగా తెలియదని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పారు. షెపర్డ్ వేరే జాతే. అయినా గిన్నె నాకినంత మాత్రాన ఆకలి తీరలేదని అనుకోలేం.

తార్నాక వారూ, లెక్క ఇలా వేయండి. కాలిక్యులేటర్‌లో 35ను 35తో, మళ్లీ 35తో గుణించి, వర్గమూలం మీటను రెండుసార్లు నొక్కండి. వచ్చిన దాన్ని 70తో గుణిస్తే సుమారు 1,007. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి కావలసిన కెలోరీలు అవి. ఆపరేషన్ కాని ఇంటి కుక్కకు దాన్ని 1.8తో, అయినదానికి 1.6తో గుణిస్తారు. మీ కుక్కకు 1,800 పైచిలుకు వస్తుంది. ప్యాకెట్ వెనుక వంద గ్రాములకు 360 కెలోరీలని ఉంటే, 420 గ్రాములంటే 1,512 మాత్రమే. పెరుగన్నం వంద గ్రాములకు సుమారు వంద కెలోరీలు. రెండు గరిటెలు కలిసి 300 గ్రాములైతే తక్కువపడినది మీ అమ్మగారే పూడుస్తున్నారు! అయితే పైతిండి మొత్తంలో పదో వంతు దాటకూడదు. పెరుగన్నంలో కుక్కకు కావలసిన పోషకాలన్నీ ఉండవు.

అల్వాల్ పెద్దాయన:
మరి రోజంతా మందల వెంట పరుగెత్తే కుక్కలు? వాటికీ 1.8 చాలుతుందా?

సైనిక్‌పురి, లాబ్రడార్ల ఇల్లు:
చాలదండీ. పనిచేసే కుక్కలకు పడుకుని ఉన్నప్పటి లెక్కకు రెండు నుంచి ఐదు రెట్ల దాకా కావాలి. కానీ తాడుతో గంటన్నర నడక ఆ పనికి సమానం కాదు. మనం అక్కడే పొరపడుతున్నాం. లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే, ఆ తరువాత చేతివేళ్లను నమ్మండి. పక్కటెముకల మీద వేళ్లు ఆనించండి. చాచిన అరచేతి వెనుక భాగాన్ని తడిమినట్టు ఎముకలు తగిలితే సరిపోయింది. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే పెంచాలి, అరచేతి కండలా మెత్తగా ఉంటే తగ్గించాలి. 2002లో ప్రచురించిన పరిశోధనలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించారు. జతలోని తోటి కుక్క కన్నా పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల బాధ కూడా ఆలస్యంగా వచ్చింది. ఆ రెండేళ్లు నా కుక్కలకు దక్కాలి. అందుకే ఇంతగా చెబుతున్నాను.

మణికొండ, గ్రేట్ డేన్:
ఎంత పెట్టినా రెండు పూటలుగా పంచండి, తినగానే పరుగెత్తించకండి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలితిరిగితే గంటల్లో ప్రాణం పోతుంది. మా మొదటి కుక్క అలాగే పోయింది.

అల్వాల్ పెద్దాయన:
వేళ్ల పరీక్ష ఒప్పుకుంటాను. త్రాసు మాత్రం మా ఇంట్లో రాదు.

తార్నాక, షెపర్డ్ ఇంటివారు:
ఇప్పుడే చూశాను. ఎముకలు తగులుతున్నాయి, పొడుచుకు రావడం లేదు. ప్యాకెట్ వెనుక 360 అనే ఉంది. మేము వాడే స్టీలు గ్లాసును మూడుసార్లు నింపి తూచితే 98, 121, 112 గ్రాములు వచ్చాయి. అమ్మ గరిటె 140. రేపటి నుంచి డాగ్‌ఫుడ్ గుళికలు 460 గ్రాములు రెండు పూటలుగా, పెరుగన్నం ఒక్క గరిటె. అమ్మ ఒప్పుకుంది, కానీ ఆ గరిటె తానే వేస్తానంది.