ఎంఓయూ ఉంది, వార్డులో నేర్చుకునేది లేదు. రెన్యువల్‌లో ఏం రాసుకోవాలి?

క్లినికల్ కోఆర్డినేటర్, నల్గొండ జిల్లా

నమస్తే అండి. మాది బీఎస్సీ నర్సింగ్ కాలేజీ, ఏడాదికి 60 సీట్లు. సొంత హాస్పిటల్ 100 బెడ్లు. మెడికల్, సర్జికల్ కేసులు ఫర్వాలేదు కానీ పిల్లల వార్డు పేరుకే ఉంది, ఐసీయూ చిన్నది. అందుకే పక్క పట్టణంలో 300 బెడ్ల ప్రైవేటు హాస్పిటల్‌తో, మా విద్యార్థులకు వార్డు శిక్షణ ఇచ్చేలా ఎంఓయూ (ఒప్పంద పత్రం) చేసుకున్నాం. రెండు పేజీల కాగితం అది. విద్యార్థికి నెలకు ఇంత ఫీజు, క్రమశిక్షణ కాలేజీ బాధ్యత, అంతే.

మూడో ఏడాది పిల్లలు కూడా అక్కడ చేసేది బెడ్ మేకింగ్, వైటల్స్ (బీపీ, పల్స్, టెంపరేచర్) చూడటం, ల్యాబ్‌కు శాంపిళ్లు తీసుకెళ్లడం, ఫార్మసీ నుంచి మందులు తేవడం. మందులు ఇవ్వనివ్వరు, కాన్యులా (సిరలోకి పెట్టే సన్నని గొట్టం) ముట్టుకోనివ్వరు. ఇన్‌చార్జి సిస్టర్లను అడిగితే "మా స్టాఫే తక్కువ, వీళ్లను ఎవరు చూసుకోవాలి?" అంటున్నారు. అదే వార్డుకు ఇంకో కాలేజీ పిల్లలు కూడా వస్తారు. రెండు నెలల్లో రెన్యువల్ ఉంది. ఈసారి ఏం అడగాలి, బదులుగా ఏం ఇవ్వాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

నర్సింగ్ సూపరింటెండెంట్ (రిటైర్డ్), విజయవాడ

మేడమ్, ఆ ఇన్‌చార్జి సిస్టర్ అన్న మాటలో తప్పేమీ లేదు. ముందు దాన్ని లెక్కగా చూడండి.

ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) నిబంధన ప్రకారం ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలి. 30 బెడ్ల వార్డులో 75 శాతం నిండితే 22 మంది పేషెంట్లు. అంటే ఆ వార్డులో ఒక షిఫ్టుకు ఏడుగురు విద్యార్థులకు మించి చోటు లేదు. మీ కాలేజీ నుంచి పది మంది, ఇంకో కాలేజీ నుంచి పది మంది వస్తే ఒక్కో పేషెంటు దగ్గర ఇంచుమించు ఒక విద్యార్థి నిలబడతారు. అప్పుడు సిస్టర్ ఏం చేస్తారు? గుంపును వార్డులోంచి బయటికి పంపే పనులు చెబుతారు. శాంపిళ్లు, ఫార్మసీ, స్టెరైల్ సప్లై అన్నీ అలా పుట్టినవే.

కాబట్టి రెన్యువల్‌కు ముందు రెండు వారాలు ఒక పని చేయండి. మీ పిల్లలు వెళ్లే ప్రతి వార్డులో ఉదయం 9కి, సాయంత్రం 4కి ఎంతమంది పేషెంట్లున్నారు, ఎంతమంది స్టాఫ్ నర్సులున్నారు, ఏ కాలేజీ నుంచి ఎంతమంది విద్యార్థులున్నారు అని రాయించండి. ఆ పట్టిక పట్టుకుని హాస్పిటల్ నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గర కూర్చోండి. ముందే ఎండీ గారి దగ్గరికి వెళ్లకండి. పైనుంచి వచ్చిన ఉత్తర్వును వార్డు పాటించినట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. వీలైతే ఆ రెండో కాలేజీ కోఆర్డినేటర్‌ను కూడా పిలిచి ఉమ్మడి రొటేషన్ ప్లాన్ వేసుకోండి. వాళ్లు ఉదయం, మీరు సాయంత్రం, నెల తర్వాత మార్పిడి. సాయంత్రం షిఫ్టులో ఆపరేషన్ అయి వచ్చిన పేషెంట్లు, కొత్త అడ్మిషన్లు దొరుకుతాయి, నేర్చుకోవడానికి చాలా మంచి సమయం. కానీ సాయంత్రం మీ ట్యూటర్ వార్డులో ఉండాలి. ట్యూటర్లు రెండింటి బస్సుకు ఇంటికెళ్లిపోయే కాలేజీలకు సాయంత్రం పోస్టింగ్ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంకొకటి, కాలేజీ బస్సు టైమింగ్. డ్యూటీ హ్యాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించడం) 8 గంటలకైతే చాలా బస్సులు 8.30కి వస్తాయి, మధ్యాహ్నం హ్యాండోవర్‌కు ముందే వెళ్లిపోతాయి. హ్యాండోవర్ వినని విద్యార్థికి పేషెంటు సంగతి తెలియదు. తెలియనివాళ్ల చేతికి మందు ఇవ్వడానికి ఏ సిస్టరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బస్సు 7.40కి గేటు దగ్గర ఉండాలి. పైసా ఖర్చు లేని మార్పు ఇది, ఎంఓయూ కంటే ముందు ఇదే చేయండి.

పనులు పంచవద్దు, పేషెంట్లను పంచండి. "నువ్వు బీపీలు, నువ్వు టెంపరేచర్లు" అంటే నర్సింగ్ రాదు. "7, 8, 9 బెడ్లు నీవి" అని చెప్పి, ఆ ముగ్గురి మందులు, ఇన్‌టేక్ అవుట్‌పుట్, డ్రెస్సింగ్, చార్టింగ్, హ్యాండోవర్ అన్నీ ఒక స్టాఫ్ నర్సు పర్యవేక్షణలో ఆ విద్యార్థే చూడాలి.

వైస్ ప్రిన్సిపాల్, వరంగల్

సూపరింటెండెంట్ మేడమ్ చెప్పినదానికి కాగితం వైపు నుంచి కలుపుతున్నాను.

ఎంఓయూ అసలు కాగితం నాలుగైదు పేజీలకు మించక్కర్లేదు. బలమంతా అనుబంధాల్లో ఉండాలి. మొదటి అనుబంధం వార్డు వారీ పరిమితి: ఏ వార్డులో, ఏ షిఫ్టులో, అన్ని కాలేజీలూ కలిపి గరిష్ఠంగా ఎంతమంది. "అన్ని కాలేజీలూ కలిపి" అన్న మాట లేకపోతే ఆ పరిమితికి విలువ లేదు. రెండోది నైపుణ్యాల పట్టిక, మీ సమస్యకు అసలు మందు ఇదే. ప్రతి ప్రొసీజర్ ఎదురుగా ఏ సెమిస్టర్ విద్యార్థి చూడొచ్చు, ఎవరు సాయంతో చేయొచ్చు, ఎవరు పర్యవేక్షణలో సొంతంగా చేయొచ్చు అని మూడు గళ్లు. నోటి మందులు, ఐఎం (కండరంలోకి ఇచ్చే) ఇంజెక్షన్, కాన్యులా, కాథెటర్ (మూత్రం గొట్టం), రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం), సక్షన్, డ్రెస్సింగ్ అన్నీ అందులో ఉండాలి. గాఢమైన పొటాషియం క్లోరైడ్, హెపారిన్, ఇన్సులిన్, మార్ఫిన్ లాంటి మందులు, రక్తం ఎక్కించడం మాత్రం విడిగా రాయండి. వీటిలో ఇద్దరు రిజిస్టర్డ్ నర్సులు సరిచూడాల్సిన చోట రెండో సంతకంగా విద్యార్థి సంతకం చెల్లదని స్పష్టంగా ఉండాలి. ఈ పట్టికను కాలేజీ ఒక్కటే తయారుచేసి పంపితే ఫైల్లో పడిపోతుంది. ఇన్‌చార్జి సిస్టర్లు నలుగురైదుగురితో కూర్చుని వాళ్ల చేత గళ్లు నింపించండి. తర్వాత లామినేట్ చేసి నర్సింగ్ స్టేషన్‌లో పెట్టండి. మందులు ఇవ్వనివ్వకపోవడానికి కారణం చాలాసార్లు భయమే. ఏదైనా జరిగితే తన మెడకు చుట్టుకుంటుందని సిస్టర్ భయం. ఎవరి బాధ్యత ఎంతో గోడమీద కనిపిస్తే ఆ భయం తగ్గుతుంది.

"విద్యార్థులను డ్యూటీ రోస్టర్‌లో స్టాఫ్ కింద లెక్కించరాదు" అనే వాక్యం తప్పనిసరి. ముఖ్యంగా ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు. 22 వారాలు, వారానికి 48 గంటలు, మొత్తం 1056 గంటలు. ఇన్ని గంటలు చేతికి దొరికితే ఖాళీ పోస్టుల్లో వాళ్లను నింపుదామని ఏ హాస్పిటల్‌కైనా అనిపిస్తుంది. రద్దు నోటీసు గడువు ఒక సెమిస్టర్ కంటే తక్కువ ఉండకూడదు, లేకపోతే నడుస్తున్న బ్యాచ్ రోడ్డున పడుతుంది. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు 100 శాతం ఉండాలి కాబట్టి, తప్పిపోయిన పోస్టింగులు తీర్చుకోవడానికి ఏటా ఎన్ని వారాలు ఇస్తారో కూడా ఇప్పుడే రాయించుకోండి. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనే షరతు ఎక్కడ కనిపించినా సంతకం పెట్టకండి.

ఇక ఒక్క హాస్పిటల్‌తో మీకు అన్నీ దొరకవు. ఐదో సెమిస్టర్‌లో చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్ రెండూ మొదలవుతాయి. సైకియాట్రీకి మన రెండు రాష్ట్రాల్లో ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల లాంటి కొద్ది చోట్లకే అందరూ పరిగెడతారు. విద్యాసంవత్సరం మొదలయ్యేలోపే తేదీలు ఖాయం చేసుకోండి, పిల్లలకు అక్కడ బస కూడా చూసుకోవాలి. మిడ్‌వైఫరీ ఇంకా పెద్ద చిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు లేబర్ రూమ్‌లో వారాలు గడిచిపోతాయి, లాగ్‌బుక్‌లో (విద్యార్థి చేసిన పనుల రికార్డులో) సాధారణ కాన్పుల గడి నిండదు. దీనికి ప్రభుత్వ ఆసుపత్రే దారి. జిల్లా ఆసుపత్రులు చాలా చోట్ల మెడికల్ కాలేజీల కిందికి వెళ్లాయి కాబట్టి, పాత అనుమతి లేఖ ఎవరి పేరున ఉందో, ఇప్పుడు అనుమతి ఇవ్వాల్సింది డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్) వైపా మరొకరా అని ముందు తేల్చుకోండి. పీహెచ్‌సీ పోస్టింగులకు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) అనుమతి వేరే.

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్, విశాఖ

సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్న క్లాజు ఎవరూ రాయలేదు. అది లేని ఎంఓయూ ప్రమాదం.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలకు. అడ్మిషన్ అయిన వారంలోనే మొదలుపెడితే తప్ప అందదు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించాలి, లీటరుకు కనీసం 10 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. ఆ రిపోర్టుల జాబితా పోస్టింగ్‌కు ముందే హాస్పిటల్‌కు ఇవ్వండి. గుచ్చుకున్న వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. అర్ధరాత్రి జరిగితే ఏ గదికి వెళ్లాలి, మొదటి డోసు ఎక్కడ ఉంటుంది, పేషెంటు రక్తపరీక్షకు ఎవరు ఆర్డర్ రాస్తారు, బిల్లు ఎవరిది అన్నవి నాలుగు వాక్యాల్లో ఉండాలి. బిల్లు సంగతి రాయకపోతే విద్యార్థి చెప్పకుండా దాచేస్తుంది. నిజంగా జరిగే తప్పు ఇదే.

స్టాఫ్ నర్స్, లెస్టర్, యూకే

ఇక్కడి పద్ధతిలో మీకు పనికొచ్చేది ఒకటుంది. ఇక్కడి ఎన్‌ఎంసీ (నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్) 2018 ప్రమాణాల్లో నేర్పేవాళ్లను, మార్కులు వేసేవాళ్లను విడదీశారు. రోజూ పక్కన ఉండి నేర్పేది ప్రాక్టీస్ సూపర్‌వైజర్. విద్యార్థికి ఆ పని వచ్చిందా లేదా అని తేల్చేది ప్రాక్టీస్ అసెసర్. ఒకే విద్యార్థికి ఆ రెండు పాత్రలూ ఒకరే చేయరు. యూనివర్సిటీ తరఫున అకడమిక్ అసెసర్ మరొకరు. నేర్పిన మనిషే సంతకం పెట్టాల్సి వస్తే మొహమాటానికి అందరూ పాస్ అవుతారు. మీ దగ్గర స్టాఫ్ నర్సు నేర్పి, ఇన్‌చార్జి సిస్టర్ చెక్‌లిస్టు పెట్టి చూసి, ట్యూటర్ సరిచూస్తే సరిపోతుంది. విద్యార్థులు స్టాఫ్ లెక్కలోకి రారన్నది ఇక్కడ కూడా నియమమే. అయినా స్టాఫ్ తక్కువైన రోజు ఆ నియమం మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి వరంగల్ మేడమ్ చెప్పిన వాక్యం వదలకండి.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే సంతకం. శనివారం కట్టలుగా పెట్టే సంతకాలకు అర్థం లేదు.

క్లినికల్ కోఆర్డినేటర్, నల్గొండ జిల్లా

అందరికీ ధన్యవాదాలు. బస్సు సంగతి మాకు అచ్చంగా వర్తిస్తుంది, మాది 8.45కి చేరుతోంది. ఇంకో ప్రశ్న. నేర్పే స్టాఫ్ నర్సులకు గౌరవ వేతనం ఇద్దామంటే "హాస్పిటల్‌కు ఫీజు కడుతున్నాం కదా" అని మా మేనేజ్‌మెంట్ అంటోంది. హాస్పిటల్ వాళ్లేమో "మాకేంటి లాభం" అంటున్నారు.

నర్సింగ్ సూపరింటెండెంట్ (రిటైర్డ్), విజయవాడ

ఫీజు పెంచకండి, విడగొట్టండి. మీరు కట్టే మొత్తం హాస్పిటల్ జనరల్ అకౌంట్‌లో కలిసిపోతోంది, నేర్పే సిస్టర్‌కు రూపాయి కూడా చేరడం లేదు. అందులో కొంత భాగం ప్రిసెప్టర్ల (వార్డులో విద్యార్థులకు నేర్పే స్టాఫ్ నర్సుల) గౌరవ వేతనానికని ఎంఓయూలోనే రాయించి, హాస్పిటల్ జీతంతో పాటు ఇచ్చేలా చూడండి. కాలేజీ నేరుగా స్టాఫ్ చేతికి డబ్బు ఇవ్వకూడదు, అది గొడవలకు దారి.

డబ్బు కంటే వాళ్లకు కావాల్సింది వెసులుబాటు. ఒక ప్రిసెప్టర్‌కు ఇద్దరు విద్యార్థులే. ఆ షిఫ్టులో ఆమెకు మిగతావాళ్ల కంటే ఒకరిద్దరు పేషెంట్లు తక్కువ కేటాయించాలి. ఇది ఇన్‌చార్జి సిస్టర్ చేతిలో పని. ప్రిసెప్టర్లను పేరుపేరునా రాయించుకోండి, ఒక్కో వార్డుకు నలుగురైనా ఉంటేనే ఆఫ్‌లు, నైట్లు పోను పగటి షిఫ్టుకు ఒకరు దొరుకుతారు. ముందుగా రెండు రోజుల శిక్షణ మీ కాలేజీలోనే ఇవ్వండి: చేసి చూపించడం, చేయించడం, తప్పును పేషెంటు ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పడం, చెక్‌లిస్టు నింపడం.

హాస్పిటల్‌కు లాభం ఉంది, మీరే చెప్పుకోవడం లేదు. నర్సులకు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 సీఎన్‌ఈ (నిరంతర నర్సింగ్ విద్య) గంటలు కావాలి. స్టేట్ కౌన్సిల్ గుర్తింపుతో ఆ క్లాసులు మీ కాలేజీలో పెట్టి వాళ్ల స్టాఫ్‌కు ఉచితంగా ఇవ్వండి. స్కిల్ ల్యాబ్ మ్యానికిన్‌లు నెలకు ఒక రోజు వాళ్ల బేసిక్ లైఫ్ సపోర్ట్ శిక్షణకు ఇవ్వండి. నాబ్ (ఎన్‌ఏబీహెచ్, హాస్పిటళ్లకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే బోర్డు) ఆడిట్‌కు శిక్షణ రికార్డులు వాళ్లకు ఎలాగూ కావాలి. మీ పిల్లల రీసెర్చ్ ప్రాజెక్టులు ఎక్కడో సర్వేలు కాకుండా ఆ హాస్పిటల్ బెడ్‌సోర్లు, హ్యాండ్ హైజీన్, కాన్యులా ఫ్లెబైటిస్ (కాన్యులా వల్ల సిర వాయడం) మీద చేయించండి. అన్నిటికంటే పెద్దది నియామకం. 1056 గంటలు తమ వార్డుల్లో చూసిన అమ్మాయిని తీసుకుంటే ఓరియంటేషన్ చాలా తగ్గుతుంది, ఎవరిని తీసుకోవాలో ఇంటర్వ్యూకు ముందే తెలిసిపోతుంది.

వైస్ ప్రిన్సిపాల్, వరంగల్

దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణలున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అక్కడ శిక్షణా, లేబర్ రూమూ ఒకే గొలుసు. 1946 నుంచి బీఎస్సీ నర్సింగ్ నడుపుతున్న వెల్లూరు సీఎంసీలో కాలేజీ ఫ్యాకల్టీకి వార్డు సేవల బాధ్యత కూడా ఉంటుంది. మనం అంత చేయలేకపోయినా, ఇద్దరు ట్యూటర్లు వారానికి ఒక రోజు ఆ వార్డులో స్టాఫ్‌తో కలిసి డ్యూటీ చేయడం రాసుకోవచ్చు. మందు కలపడం తెలిసిన ట్యూటర్‌ను చూశాక సిస్టర్ల మాట తీరే మారుతుంది.

సమీక్ష విషయం మర్చిపోకండి. నెలకోసారి ఇన్‌చార్జి సిస్టర్లతో అరగంట, ఆరు నెలలకోసారి ఇద్దరు సూపరింటెండెంట్లు, ప్రిన్సిపాల్‌తో. ప్రతిసారీ అవే అంకెలు చూడండి: విద్యార్థికి సగటున ఎంతమంది పేషెంట్లు, లాగ్‌బుక్‌లో ఏ ప్రొసీజర్ వెనకబడింది, రోస్టర్‌లో విద్యార్థిని స్టాఫ్‌గా వాడిన షిఫ్టులు ఎన్ని, సూది గాయాలు ఎన్ని. మొదటిసారి మూడు వార్డులతోనే మొదలుపెట్టండి, ఒప్పుకునే ఇన్‌చార్జి సిస్టర్ ఉన్న వార్డులనే ఎంచుకోండి. పిల్లల వార్డును అందులో తప్పకుండా కలపండి, మీ దగ్గర పేరుకే ఉన్నది అదే.