జాక్ ట్రైస్ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు అమెరికాలోని ఏమ్స్‌లో, అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడి స్టేడియం పేరు జాక్ ట్రైస్. ఆ కాలేజీ తరఫున ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు ఆయనే. చదివింది పశుపోషణ. మా బడి గోడపత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

1923 అక్టోబర్ 6న మినియాపొలిస్‌లో మిన్నెసోటా జట్టుతో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. మొదట్లోనే భుజం దగ్గరి కాలర్ బోన్ విరిగినా మైదానం వదల్లేదు. తర్వాత ఎదుటి ఆటగాళ్ల కాళ్ల కింద నలిగిపోయాడు. రెండు రోజులకే పోయాడు, 21 ఏళ్లకు. అంత్యక్రియలకు ముందు ఆయన కోటు జేబులో ఒక ఉత్తరం దొరికింది. ఆట ముందురోజు రాత్రి తనకు తానే రాసుకున్నది! తన జాతి, కుటుంబం, తన గౌరవం అన్నీ రేపటి ఆట మీదే ఉన్నాయని, అందరూ తన నుంచి గొప్పగా ఆశిస్తున్నారని, చేసి తీరతానని అందులో ఉంది. చదివినప్పుడల్లా గొంతు పూడుకుపోతోంది.

నా చిక్కల్లా ఇంగ్లీషులో ఆయన రాసిన 'race'కు నేను పెట్టిన 'జాతి' దగ్గరే. పిల్లలు దాన్ని దేశమనో, కులమనో అనుకుంటారు. 'నల్లవాళ్ల గౌరవం' అంటే ఆ కుర్రాడి గొంతు పోయి నా వివరణ మిగులుతోంది. 'నావాళ్లు' అంటే సరిపోతుందా, కుటుంబంతో కలిసిపోతుందా? అనువాదాలు చేసేవాళ్లు, అక్కడ స్థిరపడ్డవాళ్లు కాస్త చెప్పండి.

ఇంకొకటి, ఈ ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదని ఏడో తరగతి పిల్లలకు రెండు వాక్యాల్లో ఎలా చెప్పాలి?