కంపెనీ లా: సెక్షన్ నంబర్లు బట్టీ పట్టాలా, కేసులు పట్టుకుని చదవాలా?

సాయంత్రం_లా (విజయవాడ):
అందరికీ నమస్కారం. పగలు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని, సాయంత్రం మూడేళ్ళ ఎల్ఎల్‌బీ. ఈ సెమిస్టర్లో కంపెనీ లా, భాగస్వామ్య చట్టం, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అన్నీ కలిపి మీద పడ్డాయి. 2013 కంపెనీల చట్టంలో 470 సెక్షన్లు ఉన్నాయి, ముఖ్యమైనవన్నీ నంబర్లతో సహా నోటికి రావాలి, లేకపోతే లాయరువి కాదు గుమస్తావి అంటారు మా సార్. ఆఫీసులో సీనియర్ అక్క మాత్రం నంబర్లు వదిలెయ్, నాలుగు కేసులు నమిలి మింగు, మిగతాది బేర్ యాక్ట్‌లో (చట్టం ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకం) చూసుకోవచ్చు అంటుంది. ఇద్దరూ విషయం తెలిసినవాళ్ళే. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

నంబర్ల_నాయుడు:
సార్ మాటే విను తమ్ముడూ. ట్రిబ్యునల్లో నిలబడితే మొదట అడిగేది ఏ సెక్షన్ కింద వచ్చావని. మైనారిటీ షేర్‌హోల్డర్‌ని నలిపేస్తున్నారు అనుకో, 241 కింద అణచివేత పిటిషన్ వేస్తావా, 245 కింద అందరి తరఫునా క్లాస్ యాక్షన్ వేస్తావా? 241 అయితే 244లో అర్హత చూడాలి, షేర్ క్యాపిటల్ ఉన్న కంపెనీలో వందమంది సభ్యులో, మొత్తం సభ్యుల్లో పదో వంతో, పదో వంతు వాటా ఉన్నవాళ్ళో ఉండాలి. ఇదంతా తెలియకుండా 'మా క్లయింటుకి అన్యాయం జరిగింది సార్' అంటే బెంచి దణ్ణం పెట్టి పంపిస్తుంది. బేర్ యాక్ట్ చూసుకోవచ్చు అంటారు గానీ, ఎక్కడ చూడాలో తెలిసినవాడికే కదా ఆ పుస్తకం పనికొచ్చేది! బార్ పరీక్షకి బేర్ యాక్ట్ తీసుకెళ్ళనిస్తారు, అయినా పేజీలు తిప్పుతూ టైమంతా పోగొట్టుకునేవాళ్ళు బోలెడంతమంది.

పాతకోటు:
నాయుడు గారూ, మీరు 2013 తర్వాత చదివినట్టున్నారు, అందుకే ఆ ధీమా. మేము 1956 చట్టం మీద పెరిగాం, అందులో 658 సెక్షన్లు. 397, 398 అంటే నిద్రలో లేపినా చెప్పేవాళ్ళం. కొత్త చట్టం వచ్చాక అవి 241, 242 అయ్యాయి. లాభం కోసం కాని సెక్షన్ 25 కంపెనీ కాస్తా సెక్షన్ 8 కంపెనీ అయింది, 293 పోయి 180 వచ్చింది. మా వయసు వాళ్ళం హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్) వరండాలో ఇప్పటికీ '397 పిటిషన్' అనే అంటుంటాం, కుర్ర లాయర్లు నవ్వుకుంటారు. నంబర్లు పోయినా మైనారిటీని ఎందుకు కాపాడాలి, ఎంతవరకు కాపాడాలి అన్న ప్రశ్న అలాగే ఉంది కాబట్టి మా బతుకు గడిచింది.

పైగా నంబరు మారకపోయినా లోపలి అంకెలు మారిపోతాయి. స్మాల్ కంపెనీ అంటే పెయిడప్ క్యాపిటల్ (వాటాదార్లు కట్టిన పెట్టుబడి) పరిమితి మొదట 50 లక్షలు, తర్వాత 2 కోట్లు, 2022లో 4 కోట్లు. ఆ తర్వాత కూడా మార్చరని ఎవరు చెప్పగలరు? దాన్ని బట్టీ పట్టి ఏం చేసుకుంటారు?

లెక్కల_లక్ష్మి (హైదరాబాద్, కంపెనీ సెక్రటరీ):
నా మాట వింటే సత్యం కంప్యూటర్స్ కేసు ఒక్కటి పట్టుకోండి, కార్పొరేట్ గవర్నెన్స్ అంతా దాని వెనకాలే నడిచొస్తుంది. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు కూర్చుని మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కొనడానికి ఒప్పుకుంది, మొత్తం 160 కోట్ల డాలర్లు. రెండూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. ఆ బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్లున్నారు, హార్వర్డ్ ప్రొఫెసరున్నారు, ఐఎస్‌బీ (హైదరాబాద్ బిజినెస్ స్కూల్) డీన్ ఉన్నారు. షేర్‌హోల్డర్ల అనుమతి అడగలేదు. ఇన్వెస్టర్లు గగ్గోలు పెడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు రాసిన ఉత్తరం వచ్చింది, పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని.

ఇప్పుడు ఒక్కో ప్రశ్న వేసుకోండి. బంధువుల కంపెనీ కొంటుంటే ఎవరు ఆపాలి? 188 చదవండి, పరిమితి దాటిన లావాదేవీకి షేర్‌హోల్డర్ల తీర్మానం కావాలి, అందులో సంబంధం ఉన్న సభ్యుడు ఓటు వేయకూడదు. ఏళ్ళ తరబడి ఒకే ఆడిట్ సంస్థ ఉంటే? 139లో రొటేషన్ పెట్టారు, లిస్టెడ్ కంపెనీల్లో వ్యక్తికి 5 ఏళ్ళు, సంస్థకి 10 ఏళ్ళు. ఆడిటర్‌కి మోసం కనపడితే ఏం చేయాలి? రిపోర్టు చేయాలి, 143(12). ఇక నాకు అన్నిటికన్నా మండేది నష్టపోయినవాళ్ళ సంగతి. అమెరికాలో ఇన్వెస్టర్లు క్లాస్ యాక్షన్ వేసి 2011లో సత్యం నుంచి 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్ల నుంచి 2.55 కోట్ల డాలర్లు రాబట్టారు. ఇక్కడ ఇదే షేరు కొనుక్కున్న మన రిటైర్డ్ టీచరుకి అప్పట్లో కంపెనీల చట్టంలో అలాంటి దారే లేదు. 245 పుట్టింది ఆ కడుపుమంటలోంచే. ఈ కథ తెలిసినవాడు 245 మర్చిపోగలడా?

యార్డు_కుర్రాడు (గుంటూరు):
లక్ష్మి గారూ బాగా చెప్పారు, కానీ ఎప్పుడూ లిస్టెడ్ కంపెనీల కథలేనా? కోర్సులో భాగస్వామ్య చట్టం కూడా ఉందని తమ్ముడు రాశాడు, దాన్ని ఒక్కరూ ముట్టుకోలేదు. మన ఊళ్ళల్లో వ్యాపారం చేసేవాళ్ళలో ఎంతమందికి బోర్డు మీటింగులుంటాయి? బావా బావమరిదీ కలిసి స్టాంపు కాగితం మీద డీడ్ రాసుకుని షాపు తెరవడమే.

మా సీనియర్ గారి దగ్గరికి వచ్చిన కేసు చెప్తాను. మిర్చి యార్డులో ఒక ఫర్మ్, టిక్కీల (బస్తాల) లెక్కన సరుకు అరువుకిచ్చారు, అవతలివాడు ఎగ్గొట్టాడు. వీళ్ళ దగ్గర బిల్లులున్నాయి, లారీ రసీదులున్నాయి, బాకీ ఒప్పుకుంటూ అవతలివాడు పంపిన వాట్సాప్ మెసేజీలు కూడా ఉన్నాయి. దావా వేస్తే అవతలి లాయరు జవాబులో మొదటి పేరాలోనే 1932 చట్టం సెక్షన్ 69 పెట్టాడు. ఫర్మ్ రిజిస్టర్ కాలేదు, కాబట్టి ఒప్పందం మీద బయటివాళ్ళపై దావా నడవదు. వీళ్ళు పరిగెత్తుకెళ్ళి రిజిస్టర్ చేయించుకున్నారు. ఏం లాభం, దావా వేసిన నాటికే రిజిస్టర్ అయి ఉండాలి, తర్వాత చేయిస్తే ఆ దావా బతకదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. పాతది వెనక్కి తీసుకుని కొత్తది వేయాలంటే మూడేళ్ళ లిమిటేషన్ దగ్గరపడింది. ఫర్మ్ రిజిస్టర్ అయినంత మాత్రాన కూడా సరిపోదు, దావా వేసే భాగస్వాముల పేర్లు రిజిస్టర్లో కనపడాలి. మధ్యలో చేరిన అబ్బాయి పేరు ఎక్కించకపోయినా తంటానే. ఇదే ఫర్మ్ మీద బయటివాడు దావా వేయాలనుకుంటే మాత్రం అడ్డేమీ లేదు!

సాయంత్రం_లా:
అన్నా, ఇలాంటివి క్లాసులో చెప్తే ఎంత బాగుండును. మాకు సాలమన్ కేసు తప్ప ఇంకోటి చెప్పలేదు. నూట పాతికేళ్ళ కిందటి లండన్ చెప్పుల వ్యాపారి గొడవ మనకెందుకో నాకర్థం కాలేదు.

పాతకోటు:
బూట్ల వ్యాపారి బాబూ, తోలు బూట్లు. సొంత వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్మాడు. 20,007 షేర్లలో 20,001 ఆయనవే, భార్యకీ ఐదుగురు పిల్లలకీ తలా ఒకటి. రావలసిన డబ్బులో 10,000 పౌండ్లకి డిబెంచర్లు (కంపెనీ అప్పు పత్రాలు) రాయించుకున్నాడు. కంపెనీ మునిగితే అప్పులవాళ్ళు ఇదంతా నాటకం, కంపెనీ అన్నా సాలమన్ అన్నా ఒకటే అన్నారు. కింది కోర్టులు కూడా అలాగే అన్నాయి. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు, రిజిస్టర్ అయ్యాక కంపెనీ వేరే మనిషే అంది. లీ కేసు ఇంకా వింత, కంపెనీ దాదాపు మొత్తం లీ అనే ఆయనదే, ఆ కంపెనీకి ఆయనే పైలట్. విమానం కూలి చనిపోతే ఉద్యోగి కుటుంబానికి దక్కే పరిహారం భార్యకి ఇప్పించారు. మన చట్టంలో సెక్షన్ 9 చదివితే పొడిపొడిగా ఉంటుంది, ఈ రెండూ చదివాక చదువు.

యార్డు_కుర్రాడు:
పరీక్షకి సరే సార్. బయట సాలమన్ ఎక్కడ బతికున్నాడు? ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి లోన్‌కి వెళ్తే బ్యాంకు మేనేజరు మొదట అడిగేది డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ, ఇల్లు తనఖా. కంపెనీ మునిగితే ఇంటికి నోటీసు. గ్యారంటీ ఇచ్చినవాళ్ళని కూడా దివాలా కోడ్ కిందికి తెచ్చిన 2019 నోటిఫికేషన్ చెల్లుతుందని 2021లో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా. మన చిన్న కంపెనీలకి లిమిటెడ్ లయబిలిటీ బోర్డు మీద పేరు చివర మాత్రమే ఉంటుంది.

లెక్కల_లక్ష్మి:
అది కొంచెం అన్యాయం. గ్యారంటీ ఇచ్చింది బ్యాంకుకి మాత్రమే కదా. సరుకు సప్లై చేసినవాడు, అద్దె రావలసిన బిల్డింగు ఓనరు, వీళ్ళెవరూ మామూలుగా డైరెక్టరు ఇంటి మీదికి రాలేరు. ఫర్మ్ అయితే ఒక భాగస్వామి చేసిన వ్యాపార బాకీకి ఇంకో భాగస్వామి సొంత ఇల్లు కూడా పోవచ్చు, భాగస్వామ్య చట్టం సెక్షన్ 25. తేడా చాలా ఉంది.

నంబర్ల_నాయుడు:
ఒక్క విషయం గమనించారా? నంబర్లు వద్దన్న వాళ్ళందరి పోస్టుల్లోనూ నంబర్లే! 188, 139, 143(12), 69, 25. అవి నోటికి రాబట్టే ఇంత చక్కగా రాయగలిగారు.

లెక్కల_లక్ష్మి:
వాడగా వాడగా వచ్చాయండీ, చార్టు గోడకి అంటించుకుంటే రాలేదు. అయినా ఒప్పుకుంటా, చిన్న మార్కుల ప్రశ్నకి సత్యం కథంతా రాసుకుంటూ కూర్చుంటే మార్కులు పడవు. అక్కడ సెక్షన్, షరతు, మినహాయింపు, అంతే.

పాతకోటు:
తప్పు నంబరు రాయడం కన్నా 'కంపెనీల చట్టం ప్రకారం' అని రాయడం నయం, అది మాత్రం గుర్తుపెట్టుకో.

సాయంత్రం_లా:
అందరికీ థాంక్స్. ముందు కథ, తర్వాత దాని కింద సెక్షన్ రాసుకుంటూ నోట్సు మొదలుపెడుతున్నా, సార్‌కి చూపిస్తే ఏమంటారో చూడాలి. ఒక డౌటు. ఎల్ఎల్‌పీకి కూడా 69 లాంటి మెలిక ఉందా?

యార్డు_కుర్రాడు:
ఆ ప్రశ్నే రాదు తమ్ముడూ. ఫర్మ్ రిజిస్టర్ కాకుండా కూడా బతుకుతుంది, దావా దగ్గర ఇరుక్కుంటుంది. ఎల్ఎల్‌పీ కంపెనీలాగే రిజిస్టర్ అయితేనే పుడుతుంది, 2008 చట్టం. భాగస్వాముల సొంత ఆస్తి జోలికి మామూలుగా రారు, కానీ అప్పులవాళ్ళని మోసం చేసే ఉద్దేశంతో నడిపితే సెక్షన్ 30 కింద ఆ రక్షణ పోతుంది. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటకపోతే ఆ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు, అందుకే మీ ఆఫీసులో కూడా ఇవి చాలా కనిపిస్తాయి, ఒక ఫైలు అడిగి తీసుకుని అగ్రిమెంటు చదువు. అగ్రిమెంటులో రాసుకోని విషయాలకి చట్టం చివర ఉన్న మొదటి షెడ్యూలు వర్తిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక పూట పని.