ఫ్లోరైడ్ మీద నలుగురం కలిసి పరిశోధన చేయాలంటే గ్రూపు ఎలా కట్టాలి?

మునుగోడు కెమిస్ట్రీ:
నల్లగొండ దగ్గర డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మిషన్ భగీరథ వచ్చాక తాగే నీళ్లు చాలా ఊళ్లలో మారాయి గానీ పొలాలకు ఇంకా అదే బోరు నీళ్లు. ఆ నీళ్లతో పండే ఆకుకూరల్లోకి ఫ్లోరైడ్ ఎంత పోతోందో చూడాలని ఉంది. నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు, జియాలజీ, వ్యవసాయం, పోషకాహారం తెలిసినవాళ్లు కావాలి. అడిగితే అందరూ "తప్పకుండా చేద్దాం సార్" అంటారు, వాట్సాప్ గ్రూపు పెడతాం, అందులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ రావు. నిజంగా పని చేసే గ్రూపులు ఎలా మొదలవుతాయి?

బండరాయి:
సార్, మనుషుల్ని వెతికే ముందు ప్రశ్నను చిన్నది చేయండి. "ఫ్లోరైడ్ మీద పని చేద్దాం" అంటే సరే అననివాళ్లు ఉండరు, రేపు ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. "మర్రిగూడ వైపు రెండు ఊళ్లు, పాలకూర, ఒక యాసంగి" అనండి, ఎవరు అవసరమో అప్పుడు తేలుతుంది. ఫ్లోరైడ్ వచ్చేది గ్రానైట్‌లోంచి, పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది కాబట్టి జియాలజీ మనిషి మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంకోటి, గ్రాంటు సంగతి తర్వాత. ఒకే బోరు నీళ్లను ప్లాస్టిక్ సీసాల్లో పంచి (గాజు వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది) అందరి ల్యాబులకూ పంపండి. ఒకరు స్పాడ్న్స్ అనే రసాయనం కలిపి రంగు చూసే పద్ధతి, ఇంకొకరు ఎలక్ట్రోడ్ వాడితే అంకెలు కలవకపోవచ్చు. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5. అంత సన్నని తేడాల దగ్గర మీ ల్యాబులే కొట్లాడుకుంటే పేపర్ ఎవరు నమ్ముతారు? తేడా వచ్చినప్పుడు ఎవరు ఫోన్ ఎత్తి మళ్లీ కొలుస్తారో, ఎవరు మాయమవుతారో కూడా ఆ చిన్న పనితోనే తెలిసిపోతుంది.

పాలమూరు స్కాలర్:
పేపర్ మీద పేర్ల సంగతి మొదటి మీటింగ్‌లోనే తేల్చండి సార్. ఎండలో ఊళ్లు తిరిగి శాంపిళ్లు తెచ్చేది మేము, అచ్చయ్యాక చూస్తే చివర్లో "సహకరించినవారికి ధన్యవాదాలు" అని ఉంటుంది. క్రెడిట్ అని 14 రకాల పనుల పట్టిక ఉంది, ఆలోచన ఎవరిది, డేటా ఎవరు తెచ్చారు, రాసింది ఎవరు అని. చాలా జర్నళ్లు అదే అడుగుతున్నాయి. డేటా ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాసుకోండి, లేకపోతే తర్వాత అంతా టెన్షనే.

జొన్నరొట్టె:
పెద్ద టీం అక్కర్లేదు. 2019లో సైన్స్ పత్రిక నేచర్‌లో వచ్చిన అధ్యయనం 6.5 కోట్లకు పైగా పేపర్లు, పేటెంట్లు, సాఫ్ట్‌వేర్లు చూసి, కొత్త దారులు తెరిచేది ఎక్కువగా చిన్న టీంలేనని, ఉన్నదాన్ని ముందుకు తీసుకెళ్లేది పెద్దవని చెప్పింది. నలుగురు చాలు. పోషకాహారం మనిషిని మాత్రం వదలొద్దు. 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ వాళ్లు మన దగ్గర ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగే జబ్బును చూసినప్పుడు నీళ్ల దగ్గరే ఆగలేదు, జొన్న తిండిని కూడా పరిశీలించారు.

మునుగోడు కెమిస్ట్రీ:
సీసాల ఆలోచన బాగుంది, ఈ వారమే మొదలుపెడతా. బండరాయి గారూ, మీరు వస్తారా?

బండరాయి:
ఆదివారమైతే వస్తా. బోరు లోతు తెలిసిన రైతుతో ముందే మాట్లాడి పెట్టండి, మోటార్ కాసేపు నడిచాకే నీళ్లు పట్టాలి, కరెంటు ఎప్పుడు ఉంటుందో కూడా అడగండి.