అమ్మ మోకాళ్ళలో గుజ్జు అరిగిందంట, మళ్ళీ వస్తుందా?

ప్రశ్న: మాది మద్దిలపాలెం, అమ్మకి 58. కింద కూర్చుని లేస్తుంటే మోకాళ్ళు కరకరమంటున్నాయి, ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నారు, తనేమో సింహాచలం మెట్లెక్కుతానని ఒకటే పట్టు. ఆ గుజ్జు మళ్ళీ పెరగదాండి?

జవాబు: గుజ్జంటే మృదులాస్థి, అంటే కీలులో ఎముకల చివర్లను కప్పే మెత్తటి పొర అండి, దానికి రక్తనాళాలుండవు, కీలు లోపలి జిగురు ద్రవం నుంచే పోషణ అందాలి, అందుకే అరిగాక మునుపట్లా రావడం చాలా కష్టం. ఎక్స్‌రేలో అది కనపడదు కూడా, ఎముకల మధ్య సందు తగ్గింది చూసి చెప్తారు.

ఇంకో జవాబు: అలాగని కూర్చోబెట్టేయకండి ప్లీజ్. మా అత్తకీ ఇదే, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం, తొడ కండ బలపడ్డాక మెట్లు దిగడం తేలికైంది. ఒక్క కిలో బరువు తగ్గినా అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

అడిగినవారు: థాంక్సండి, ఈసారికి కొండకి బస్సులోనే తీసుకెళ్తా.