మార్ఫాన్: అటెనొలాల్ ఉండగా లోసార్టాన్ ఎందుకు?

మిర్యాలగూడ ఫార్మసిస్ట్:
16 ఏండ్ల పిలగాడి చీటీల మార్ఫాన్ (ఒంట్లో కణజాలం పట్టు తప్పే జన్యు జబ్బు) అని రాసి అటెనొలాల్ (బీటా బ్లాకర్ మందు), లోసార్టాన్ (సార్టాన్ గుంపు బీపీ మందు) రెండూ ఇచ్చిన్రు. అయోర్టా (గుండె నుంచి పోయే పెద్ద రక్తనాళం) మొదలు 4.1 సెం.మీ. ఉంది. అమెరికా జన్యు వైద్యుడు హాల్ డీట్స్ బృందం 2006లో లోసార్టాన్‌తో ఎలుకల అయోర్టా ఉబ్బకుండా ఆపింది. 2014లో 608 మంది పిల్లలు, యువకుల మీద చేసిన ట్రయల్‌లో మాత్రం అటెనొలాల్‌ను మించలేదు. మరి రెండూ ఎందుకు? ఇంటోళ్లు మేనరికం వల్ల అంటున్నరు, ఊరోళ్లు ఫ్లోరైడ్ అంటున్నరు.

నల్లగొండ కార్డియో:
ముందు ఆ చివరి ముచ్చట. మేనరికానికి సంబంధం లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. నలుగురిలో ఒకరికి ఇంట్లో ఎవరికీ లేకున్నా కొత్తగా వస్తుంది. ఫ్లోరైడ్ మాట, ఆ నీళ్లకు పేరుపడ్డ మన మర్రిగూడ వైపు వంగిన వెన్ను కనిపిస్తే చాలు, వచ్చేస్తుంది. కానీ ఆ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్‌లో కీళ్లు బిగుసుకుంటాయి, మార్ఫాన్‌లో వదులుగా ఉంటాయి. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తే గోరు అవతలికి పొడుచుకొస్తుంది. కంటి లెన్స్ జారిందో లేదో చూపించారా? కనుపాప పెద్దది చేసి స్లిట్ ల్యాంప్‌తోనే చూడాలి.

పాలమూరు జెనెటిక్స్:
అసలు ప్రశ్నకు. ఫైబ్రిలిన్-1 (కణజాలంలో పోగులల్లే ప్రోటీన్) జన్యువులో తేడాయే కారణమని 1991లో తేలింది. మొదట దాన్ని ఉత్త నిర్మాణ లోపం అనుకున్నారు, తాడులో పోగు తెగినట్టు. ఆ పోగులు టీజీఎఫ్-బీటాను (కణాలకు సిగ్నల్ ఇచ్చే ప్రోటీన్‌ను) కట్టేసి ఉంచే గుంజలు కూడా అని డీట్స్ బృందం చూపింది. గుంజ లేకపోతే సిగ్నల్ అతిగా పోయి గోడ చెడుతుంది. లోసార్టాన్ ఆ సిగ్నల్‌ను తగ్గిస్తుంది.

2014 ఫలితాన్ని ‘లోసార్టాన్ పనిచెయ్యదు’ అని చదవడం తప్పు. అందులో ప్లాసిబో (ఉత్తుత్తి మందు) గుంపు లేదు. అటెనొలాల్‌ను కిలోకు రోజుకు 4 మి.గ్రా. దాకా పెంచారు, లోసార్టాన్ 1.4 మి.గ్రా. దగ్గరే ఆపారు. పోటీదారు అంత గట్టివాడన్నమాట. 2022లో ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే సార్టాన్ గుంపు మందులు ఉబ్బే వేగాన్ని దాదాపు సగం చేశాయి. బీటా బ్లాకర్ మేలు విడిగా కనిపించింది కాబట్టి రెండూ కలపడం సబబే.

ఒకటి మరవొద్దు: లోయిస్-డీట్స్ అనే మరో జన్యు జబ్బు కూడా ఇలాగే కనిపిస్తుంది. 2005లో గుర్తించారు, లోపం టీజీఎఫ్-బీటా సిగ్నల్‌ను అందుకునే రిసెప్టర్లలో. కళ్లు ఎడంగా ఉండి కొండనాలుక చీలి ఉంటే జన్యు పరీక్ష ఆపొద్దు. మార్ఫాన్‌లో సాధారణంగా 5 సెం.మీ. దగ్గర సర్జరీ, లోయిస్-డీట్స్‌లో ఇంకా ముందే.

సూర్యాపేట ఎకో:
16 ఏండ్లకు 4.1 అన్న అంకె ఒక్కటే చాలదు, ఎత్తు బరువు రాసి జడ్ స్కోర్ (ఆ ఒంటి సైజుకు ఉండాల్సిన కొలతకు ఎంత తేడా) అడగండి. గోడ లోపలి అంచు నుంచి కొలిచారా, ముందు అంచు నుంచా అన్నదాన్ని బట్టి 2-3 మి.మీ. తేడా వస్తుంది. ఏటా ఒకే చోట, ఒకే పద్ధతిలో తీయించకపోతే పెరిగిందో లేదో తెలియదు.

మిర్యాలగూడ ఫార్మసిస్ట్:
కౌంటర్ దగ్గర నేను చూసుకోవాల్సిందేమన్నా ఉందా సార్?

నల్లగొండ కార్డియో:
చాలా ఉంది. సిప్రో, ఓఫ్లాక్సాసిన్, లీవో ఇవ్వొద్దు. ఆర్‌ఎంపీ రాసినా సరే, వేరే యాంటీబయాటిక్ అడగండి. అయోర్టా చీలే ముప్పు పెరుగుతుందని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. లోసార్టాన్ మొదలైన ఒకటి రెండు వారాలకు రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూపించమనండి. అదే మందు వాడే ఆడపిల్ల అయితే గర్భం అనుకునే ముందే డాక్టర్‌తో మార్పించుకోవాలి. ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు నొప్పి అంటే గ్యాస్ గోలీ ఇచ్చి పంపకండి, ఈసీజీ బాగుందన్నా ఆగొద్దు, వెంటనే కాంట్రాస్ట్ సీటీ ఉన్న చోటికి పంపండి.