ఉబుద్‌లో యోగా కోర్సు చేస్తూ బాలి పల్లె జీవితం చూడటం కుదురుతుందా?

కొత్తసాధకి:
నమస్తే అండీ. ఫిబ్రవరి చివర్లో బాలి వెళ్తున్నాను, ఉబుద్‌లో 200 గంటల యోగా టీచర్ ట్రైనింగ్‌కి. నాలుగు వారాలు, వారానికి ఒక్కరోజే సెలవు. ఫొటోల్లో ఉబుద్ అంతా కేఫ్‌లు, స్కూటర్లే కనిపిస్తున్నాయి. అంత దూరం వెళ్లి క్లాసు గదిలోనే గడిపి రావాలని లేదు. అక్కడి పల్లెలో ఒక రైతు కుటుంబంతో ఉండాలని ఎప్పటి నుంచో ఆశ. కోర్సు మధ్యలో కుదురుతుందా? నేను శాకాహారిని, ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఇంట్లోవాళ్లకు ఇప్పటికే టెన్షన్‌గా ఉంది.

వరిగట్టు:
కోర్సు మధ్యలో కుదరదండీ. పొద్దున్నే ప్రాణాయామంతో మొదలైతే సాయంత్రం దాకా ఆసనాలు, అనాటమీ, ఫిలాసఫీ. రాత్రి మర్నాటి ప్రాక్టీస్ క్లాసుకి రాసుకోవాలి. సెలవు రోజున ఒళ్లు లేవదు. పైగా పల్లె మేలుకుని పనిలో పడే వేళకే మీరు మ్యాట్ మీద ఉంటారు. తిరుగు టికెట్ ఓ పది రోజులు ఆలస్యంగా తీసుకోండి. కోర్సు అయ్యాక ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో ఉండండి. రోజుకో ఊరు తిరిగితే ఏమీ చూడలేరు.

నేను అలా సిడెమెన్‌లో ఉన్నాను. ఉబుద్ నుంచి కారులో గంట, గంటన్నర. అగుంగ్ పర్వతం కింద లోయ. అక్కడ ఇల్లంటే ప్రహరీ లోపల విడివిడిగా వంటిల్లు, పడక గదులు, కూర్చునే మండపం, ఈశాన్యంలో ఇంటి గుడి. పొద్దున అన్నం ఉడికాక ఎవరూ ముందు ముట్టరు. ఇంటావిడ అరటాకు ముక్కల్లో చిటికెడు చిటికెడు అన్నం పెట్టి పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర, గుడి దగ్గర ఉంచి వచ్చేవారు. తర్వాతే మిగతావాళ్లకు. తీరిక దొరికితే లేత కొబ్బరాకుతో పూజకి చిన్న పళ్లేలు చేసేవారు, చనాంగ్ సారి అంటారు. ఆకు మడిచి సన్నటి వెదురు పుల్లతో గుచ్చడమే, కానీ ఆవిడ చేతుల వంక చూడకుండా, కబుర్లు చెబుతూనే గుచ్చేవారు. పూలకూ లెక్క ఉంది: తూర్పున తెల్లవి, దక్షిణాన ఎర్రవి, పడమర పసుపువి, ఉత్తరాన నీలం గానీ ఆకుపచ్చ గానీ.

పొలం గురించి మాత్రం వెళ్లే ముందే కాస్త తెలుసుకోండి. ఒకే కాలువ నీళ్లు వాడుకునే రైతులంతా కలిసి ఒక సుబాక్. నాట్లు ఎప్పుడు, నీళ్లు ముందు ఎవరికి అన్నది వాళ్లే తమ నీటి గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1970లలో ప్రభుత్వం కొత్త వంగడాలు ఇచ్చి, వంతులతో పని లేకుండా వీలైనన్ని పంటలు వేయమంది. నీళ్లు చాలలేదు, చేలకి పురుగు పట్టింది. అందరూ ఒకేసారి కోసి, కొన్నాళ్లు మళ్లు ఖాళీగా ఉంచితేనే పురుగుకి తిండి దొరకదు. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త ఆ నీటి గుళ్ల ఏర్పాటు వెనకున్న లెక్కను తర్వాత ప్రపంచానికి చూపించారు.

కోర్సులో అపరిగ్రహం, అంటే అవసరానికి మించి పోగేసుకోకపోవడం గురించి చాలా విన్నాను. పై మడి రైతు తన అవసరం తీరగానే పారతో గట్టుకి గండి పెట్టి కింది మడికి నీళ్లు వదలడం చూశాకే అది నాకు మనసుకెక్కింది. అందుకే మిమ్మల్ని ఇంత గట్టిగా వెళ్లమంటున్నాను.

దారిబత్తెం:
తిండి సంగతి నేను చెబుతాను. అక్కడి మిరప పచ్చడి సంబల్‌లో తెరాసి, అంటే రొయ్యల ముద్ద, మామూలుగా పడుతుంది. కొబ్బరి కోరు కలిపిన కూరగాయల ఉరాబ్‌లో కూడా ఉండొచ్చు. కొన్ని వంటల్లో పంది కొవ్వు వాడతారు. ‘మాంసం తినను’ అంటే చాలదు, ఇవీ పేరుపేరునా చెప్పండి. టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు (సోయా పన్నీర్) అంతటా దొరుకుతాయి.

ఊరి కుక్కలతో జాగ్రత్త. 2008 నుంచి బాలిలో రేబిస్ ఉంది. వెళ్లకముందే వ్యాక్సిన్ గురించి డాక్టర్‌ని అడగండి. కరిస్తే వెంటనే పావుగంట సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. గుడికి సరోంగ్ (లుంగీలా చుట్టుకునే బట్ట), నడుముకి పట్టీ తప్పనిసరి. నెలసరి రోజుల్లో లోపలికి వెళ్లకూడదు. విదేశీ పర్యాటకులు కట్టే 1,50,000 ఇండోనేషియా రుపయాల (మన రూపాయలు కాదు) పన్ను వీసా ఫీజు కాకుండా వేరే. సర్టిఫికెట్ వచ్చింది కదా అని టూరిస్ట్ వీసా మీద అక్కడ క్లాసులు మాత్రం చెప్పకండి.

కొత్తసాధకి:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. తిరుగు టికెట్ ఇంకా తీసుకోలేదు, ఏప్రిల్ మొదట్లో ఉండేలా చూస్తాను. అలాంటి ఇల్లు ఎలా వెతకాలి?

వరిగట్టు:
తేదీ వేసుకునే ముందు న్యెపి ఎప్పుడో చూసుకోండి. అది వాళ్ల శక సంవత్సరాది, మన ఉగాది దగ్గర్లోనే వస్తుంది. 2025లో అది మార్చి 29న, ఉగాది 30న. ఆ ఇరవై నాలుగు గంటలూ దీపం, పని, ప్రయాణం, వినోదం ఏవీ ఉండవు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. వీలైతే ఆ రోజు పల్లెలోనే ఉండేలా చూసుకోండి, విమానం మాత్రం పెట్టుకోకండి.

ఇంటి కోసం మీ యోగా స్కూల్ వంటింట్లో పనిచేసేవాళ్లను అడగండి. వాళ్లలో చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఉంటే తెలిసిన ఇల్లు చూపిస్తారు. గదిలోంచి పొలం కనిపిస్తుందా అని కాదు, ఇంటివాళ్లు అదే ప్రహరీలో ఉంటారా, వాళ్లతో కలిసి తినొచ్చా అని అడగండి.